మూడేళ్ల నుంచి ఐదేళ్ల పిల్లలతో వారమంతా ఏం చేయించాలి? రాయించాలా, ఆడించాలా?

అమ్మా, మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. మీరు పాలకొల్లు దగ్గర ఊళ్లో అంగన్‌వాడీ కార్యకర్తగా చేరి నాలుగు నెలలైంది. 3 నుంచి 5 ఏళ్ల పిల్లలు 18 మంది ఉన్నారు. రోజుకో కొత్త యాక్టివిటీ వెతికి మరీ చేయిస్తున్నారు. అయినా పదకొండయ్యేసరికి గోల మొదలవుతోంది, మధ్యాహ్నానికి మీ గొంతు పోతోంది. తల్లులు చూస్తే “ఇంకా అ ఆలు దిద్దించట్లేదేంటండీ” అంటున్నారు. వారాన్ని ఎలా నడపాలి, ఆటలు ఎంతవరకు, రాత ఎప్పుడు అని అడిగారు.

నేను కోనసీమలో ఒక లంక ఊరి సెంటర్లో ఇరవై ఆరేళ్లుగా ఇదే పనిలో ఉన్నాను. ముందు సూటిగా జవాబు చెప్పేస్తాను, తర్వాత ఎందుకో చెప్తాను.

వారానికి ఒక్కటే వస్తువు పట్టుకోండి. రోజు నడిచే వరస మార్చకండి. ఐదేళ్లు నిండేదాకా అక్షరాలు దిద్దించే తొందర పెట్టుకోకండి, ఆ చేతికి కావలసిన పని వేరే ఉంది. మీరు కష్టపడటంలో లోపం ఏమీ లేదమ్మా. రోజుకో కొత్తది తేవడంలోనే చిక్కంతా ఉంది.

ఎందుకంటారా? మూడేళ్ల పిల్ల ముందు కొత్త వస్తువు పెడితే మొదటి రోజు చూస్తుంది, అంతే. చాలామంది ముట్టుకోను కూడా ముట్టుకోరు. రెండో రోజు చెయ్యి వేస్తారు. మీరు చూపించింది చూపించినట్టు చేస్తారు. మూడో రోజునో నాలుగో రోజునో “ఇలా చేస్తే ఏమవుద్ది?” అని సొంత బుర్ర పెట్టడం మొదలవుతుంది. మనకి కావలసిన చదువు సరిగ్గా అక్కడ ఉంది. మీరేమో రెండో రోజుకే ఆ వస్తువు బీరువాలో పెట్టేసి ఇంకోటి తెస్తున్నారు. పిల్లలు ప్రతిరోజూ మొదటి రోజు దగ్గరే ఆగిపోతున్నారు. పదకొండు గంటల గోల అందుకే.

ఇక రోజు వరస. మా సెంటర్లో పొద్దున్న వచ్చీ రాగానే అరగంట, ముప్పావుగంట ఎవరిష్టం వాళ్లది. గదిలో నాలుగు మూలలున్నాయి. ఒకచోట గిన్నెలు, బొమ్మలు, పాత చీర ముక్కలు. ఒకచోట వడ్రంగి దగ్గర తెచ్చి నున్నగా తోమించిన చెక్కముక్కలు. కిటికీ కింద చాప మీద బొమ్మల పుస్తకాలు. వసారాలో ఇసుక. తర్వాత గుండ్రంగా కూర్చుని పది నిమిషాలు కబుర్లు. పదంటే పదే, మూడేళ్ల పిల్లలు అంతకంటే కూర్చోరు, కూర్చోబెట్టకూడదు కూడా. ఆ పైన చేతిపని, తర్వాత బయట ఆట, చేతులు కడుక్కోవడం, అన్నం, నిద్ర, లేచాక కథ. ఈ వరస ఏడాదంతా మారదు. గడియారం చూడటం రాని పిల్లకి ఈ వరసే గడియారం. కొత్తగా చేరి అమ్మ కోసం ఏడ్చే పిల్లకి “కథ అయిపోగానే అమ్మ వస్తుంది” అని చెప్పగలుగుతాం. అది ఆ పిల్లకి అర్థమవుతుంది. “నాలుగింటికి వస్తుంది” అంటే అర్థం కాదు.

మీకు పనికొస్తుందని, మేము చేసే ఒక వారం మొత్తం చెప్తాను. కొబ్బరికాయ వారం. మీ ఊళ్లోనూ గట్టు మీద చెట్లుంటాయి కాబట్టి పైసా ఖర్చు లేదు.

సోమవారం మూడు కాయలు గుడ్డసంచుల్లో వేసి తెస్తాను. ఒకటి బొండం, ఒకటి ముదరకాయ, ఒకటి కురిడీ. సంచిలో చెయ్యి పెట్టి తడిమి చెప్పమంటాను. ఇదేంటి అని మాత్రం అడగను. కోనసీమ పిల్లకి కొబ్బరికాయ తెలీదా! చెవి దగ్గర పెట్టుకుని ఊపమంటాను. బొండం నిండా నీళ్లే కాబట్టి చప్పుడు చెయ్యదు. ముదరకాయ గళగళలాడుతుంది. కురిడీలో నీళ్లు ఇంకిపోయి, ఎండిన కొబ్బరి గుండు చిప్పని వదిలేసి ఉంటుంది కాబట్టి లోపల టకటకా కొట్టుకుంటుంది. “ఇది ఎందుకు గళగళలాడుతోంది?” అని అడిగితే నాలుగేళ్ల పిల్లాడొకడు “లోపల కాలవుందండి” అన్నాడు. నేను అవునూ అనలేదు, కాదూ అనలేదు. “బుధవారం పగలగొట్టి చూద్దాం” అన్నాను. రెండు రోజులూ ఇంటికెళ్లే ముందు ఆ కాయ ఊపి చూసుకుని మరీ వెళ్లాడు. జవాబు సోమవారమే చెప్పేసి ఉంటే ఆ రెండు రోజులు వాడికి ఉండేవి కావు.

మంగళవారం నీళ్లు. నాకు వారంలో అన్నిటికంటే ఇష్టమైన రోజు ఇది, కాస్త వివరంగా చెప్తాను. వెడల్పాటి బేసిన్లు రెండు వసారాలో పెట్టి, నాలుగు వేళ్ల లోతున నీళ్లు పోస్తాం. పిల్లలకి తలో కొబ్బరి చిప్ప ఇస్తాం, అంచులు ముందే గరుకు కాగితంతో రుద్ది ఉంచుతాం. అది పడవ. పక్కన గంపెడు గులకరాళ్లు, పెద్ద సైజువి. “పడవ మునగకుండా ఎన్ని రాళ్లు ఎక్కించగలం?” ఇంతే నేను చెప్పేది.

ఒకసారి ఏమైందంటే, నాలుగేళ్ల పిల్ల ఒకర్తి రాళ్లన్నీ ఒక పక్కకే పెట్టింది. రెండో రాయికే చిప్ప ఒరిగి బుడుంగున మునిగింది. మళ్లీ పెట్టింది, మళ్లీ మునిగింది. మొహం ఎర్రబడింది, ఏడుస్తుందనుకున్నాను. దాని పక్కనున్న పిల్లాడి తాతగారు రేవులో పడవ నడుపుతారు. వాడు చూసి చూసి, “అందరూ ఒక్క పక్కనే కూకోకూడదే, మా తాత తిడతాడు. మద్దిలో కూకోవాలి” అన్నాడు. పిల్ల ఒక్క రాయి తీసి చిప్ప మధ్యలో పెట్టింది. చిప్ప కదిలింది, నిలబడింది. రెండోది దాని పక్కన, మూడోది ఎదురుగా. ఐదు రాళ్లు ఎక్కేదాకా ఆ పిల్ల ఊపిరి బిగబట్టే ఉంది. ఆరో రాయికి మునిగింది. “ఐదు మంది ఎక్కారు, ఆరోవోడు ఎక్కకూడదు” అని ఊరంతా వినపడేలా అరిచింది. లెక్క, బరువు, సమతూకం, సాయం అడగడం, సాయం చెయ్యడం, అన్నీ ఆ పావుగంటలో వచ్చేశాయి. నేను నోరు మూసుకుని కూర్చోవడం తప్ప ఏమీ చెయ్యలేదు. కొత్తలో అది చాలా కష్టమైన పని. చెయ్యి వెళ్లిపోతుంది, “అలా కాదమ్మా, ఇలా” అని నోటిదాకా వచ్చేస్తుంది. ఆపుకోండి.

బుధవారం ఊళ్లోంచి ఎవరినైనా పిలుస్తాం. చెట్టెక్కి దింపు తీసేవాళ్లు, కాయ ఒలిచేవాళ్లు, మా పిల్లల నాన్నలో తాతలో ఎవరో ఒకరుంటారు. గునపం నేలలో పాతి మూడు పోట్లలో పై డొక్క, అంటే పీచు, ఊడదీస్తుంటే పిల్లలు కన్నార్పరు. వాళ్లని గీత గీసి నాలుగు బారల దూరంలో కూర్చోబెట్టాలి, ఇది గట్టిగా పట్టుకోండి. కాయ కొట్టాక నీళ్లు గ్లాసులో పడతాయి. కాలవ అన్న పిల్లాడు గ్లాసు దగ్గరకొచ్చి చూసి “ఇది ఉప్పుకాలవ కాదండి, తియ్యకాలవ” అన్నాడు. తర్వాత పీచు చేతికిస్తాం, విడదీస్తారు, పేనడానికి చూస్తారు. ఆ రోజు కబుర్లలో పదాలకి చప్పట్లు కొడతాం. బొం-డం, రెండు చప్పట్లు. కొ-బ్బ-రి, మూడు. కొ-బ్బ-రి-కా-య, ఐదు. ఇది ఆటలా కనబడుతుంది గానీ, తెలుగు చదవడానికి ఇంతకంటే గట్టి పునాది నాకు కనబడలేదు. మన లిపిలో ఒక్కో అక్షరం నోట్లో ఒక్కో పలుకు. మాటని పలుకులుగా విడగొట్టడం చెవికి అలవాటైన పిల్ల తర్వాత అక్షరం ఇట్టే పట్టుకుంటుంది. అ నుంచి ఱ దాకా పాటలా అప్పజెప్పే పిల్లలు, “అరటి అన్నప్పుడు నోట్లో మొదట వచ్చేదేంటి?” అంటే బిక్కమొహం వేయడం నేను ఎన్నోసార్లు చూశాను.

గురువారం కొట్టు ఆట. చిప్పలు గిన్నెలు, ఈనె ముక్కలు కూర, ఆకులు నోట్లు. మన గుజ్జనగూళ్ల ఆటే, వాళ్లంతట వాళ్లే నడుపుకుంటారు.

శుక్రవారం కొబ్బరి లౌజు. కోరేది ఆయా, పొయ్యి దగ్గర ఉండేదీ ఆవిడే. పిల్లలు కోరిన కొబ్బరి గిన్నెతో కొలిచి పోస్తారు, బెల్లం నలగ్గొడతారు, చల్లారాక ఉండలు చుడతారు. వేడి పాకం దగ్గరకి ఒక్క పిల్లని కూడా రానివ్వకూడదు. రెండు గిన్నెల కొబ్బరికి ఒక గిన్నె బెల్లం అని ఇంటికెళ్లి అమ్మకి చెప్తారు. ఆ మాట తల్లి నోటి నుంచి మళ్లీ నాకు వినబడితే, కొలత వాళ్లకి అందిందని నాకు తెలుస్తుంది.

శనివారం కొత్తది ఏమీ వద్దు. వారమంతా చేసినవి మూలల్లో పెట్టేసి, ఎవరికేది కావాలో వాళ్లనే ఎంచుకోనివ్వండి. 2024లో కేంద్రం మన అంగన్‌వాడీలకి ఇచ్చిన ఆధారశిల పాఠ్యప్రణాళికలోనూ వారాన్ని ఐదు రోజులు ఒక తీరుగా, ఆరో రోజు తిరిగి చూసుకోవడానికి అన్నట్టుగానే పెట్టారు. ఎవరు దేని దగ్గరకి పోయారో చూసి నోట్‌బుక్‌లో రాసుకోండి, పిల్లకి ఒక్క ముక్క చాలు. వచ్చే వారం ఏం చెయ్యాలో అందులోంచే వస్తుంది. పడవల దగ్గరే అందరూ మూగారంటే పై వారం కాలవ, రేవు, ఏరు దాటించే పంటు. పీచు దగ్గర కూర్చున్నారంటే తాళ్లు, ముడులు, జడలు.

కొబ్బరి అయిపోతే ఏం చెయ్యాలని బెంగపడకండి. డెల్టాలో ఉన్నాం మనం. వరి నాట్లప్పుడు మట్టి వారం. వేసవి మొదట్లో ముంజెల వారం, తినేసిన ముంజెకాయ డొప్పలకి పుల్ల గుచ్చి బండి చేసి తోస్తారు, చక్రం గురించి అంతకంటే మంచి పాఠం ఉండదు. సంక్రాంతి ముందు ముగ్గుల వారం. మీ వైపు చేపల చెరువులెక్కువ, అదో వారం. ప్లాస్టిక్ ఏనుగులు, ధ్రువపు ఎలుగుబంట్ల చార్టులు గోడకి ఉంటే ఉండనివ్వండి, కానీ వారం మాత్రం పిల్ల చేతికి అందే వస్తువుతోనే మొదలు కావాలి.

ఇప్పుడు రాత సంగతి. నా మొదటి రెండేళ్లు నేనూ మూడున్నరేళ్ల పిల్లలకి పలకలిచ్చి దిద్దించాను. తల్లులు మెచ్చుకునేవారు. అందులో ఒక పిల్లాడు, మట్టితో ఎడ్లు, బండి, తోలేవాడి తలపాగాతో సహా చేసేవాడు, పలక చూడగానే చేతులు వెనక్కి కట్టుకునేవాడు. నేను పట్టి కూర్చోబెట్టి దిద్దించాను. రెండు వారాలకి సెంటర్‌కే రానని వాళ్లమ్మ కొంగు పట్టుకుని ఏడ్చాడు. ఆ ఏడాదంతా మట్టి కూడా ముట్టుకోలేదు. అది నా చేతుల మీదుగా జరిగిన తప్పు. ఇప్పటికీ ఆ మొహం నాకు గుర్తే.

ఆ తర్వాతే నేను తెలుసుకున్నాను. మనిషి మణికట్టులో ఎనిమిది చిన్న ఎముకలుంటాయి. పుట్టినప్పుడు అవి ఎముకలుగా గట్టిపడి ఉండవు, మెత్తటి మృదులాస్థిగానే ఉంటాయి. ఏళ్ల తరబడి ఒక్కొక్కటిగా గట్టిపడతాయి. మూడేళ్ల పిల్ల చేతిలో ఆ పని ఇంకా సగం కూడా కాలేదు. మన తెలుగు అక్షరాలు చూస్తే అన్నీ గుండ్రని మలుపులే, మణికట్టు తిరగకపోతే ‘అ’ రాదు. చెయ్యి సిద్ధం కాకుండా పెన్సిలు ఇస్తే పిల్ల పిడికిలితో పట్టుకుంటుంది, భుజంతో రాస్తుంది, ఆ పట్టు అలవాటైపోతే తర్వాత మార్చడం నానా అవస్థ.

మరి ఐదేళ్లలోపు చేతికి ఏం పని ఇవ్వాలి? ముగ్గు. నిజంగా చెప్తున్నాను. ముగ్గుపిండి పట్టడానికి బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు కలవాలి. పెన్సిలు పట్టేదీ ఆ మూడు వేళ్లతోనే. రాతిముగ్గు దుమ్ము కళ్లలో పడుతుంది కాబట్టి మేము బియ్యప్పిండి వాడతాం. ముందు చుక్కలు, తర్వాత చుక్కకీ చుక్కకీ గీత, ఐదేళ్లు వచ్చేసరికి మెలికల ముగ్గు. మెలికల ముగ్గు వేసిన చేతికి అక్షరం మలుపు కొత్తగా అనిపించదు. మగపిల్లలకీ వేయించండి, నవ్వే తల్లిదండ్రులకి ఈ కారణం చెప్పండి. ఇంకా నిమ్మచెక్క పిండటం, తడిగుడ్డ పిండటం, నాలుగేళ్లు దాటినవాళ్లైతే బఠాణీలు ఒలవడం, ఇసుకలో వేలితో గీయడం, మట్టి పిసకడం. ఐదేళ్లు దాటిన పిల్ల తనంతట తాను “నా పేరు రాయండి, చూసి రాస్తాను” అంటే, రాయనివ్వండి. ఆపమని చెప్పట్లేదు. అడగని చేతిని పట్టి లాగొద్దంటున్నాను.

తల్లులకి ఈ ఎముకల సంగతి చెప్తే ఒకరిద్దరు వింటారు. మిగతావాళ్లకి కళ్లకి కనబడాలి. పక్కింటి పిల్ల ప్రైవేటు బడిలో ఎల్‌కేజీ పుస్తకం నింపేస్తుంటే వాళ్లకి బెంగ ఉండదా? ఉంటుంది, అది తప్పు కాదు. నేను చేసేదేంటంటే, నెలకోసారి శనివారం తల్లుల్ని పిలిచి పిల్లల పక్కన నేల మీద కూర్చోబెడతాను. ఉపన్యాసం ఇవ్వను. ఒకసారి ఒక తల్లి, “మా అమ్మాయికి యాభై దాకా వచ్చేశాయండి, మీరింకా ఐదు దగ్గరే ఉన్నారు” అంది. పిల్ల గుక్క తిప్పుకోకుండా యాభై దాకా చెప్పింది. అన్నం వేళైంది, “అమ్మా, నలుగురికి కంచాలు తెచ్చి పెట్టు” అన్నాను. పిల్ల చంకనిండా కంచాలు తెచ్చింది. తల్లి చూస్తూ ఉండిపోయింది. ఆ పిల్లకి నెలరోజులు కంచాలు పెట్టే డ్యూటీ ఇచ్చాను. ఒక మనిషికి ఒక కంచం, ఒక కంచానికి ఒక గ్లాసు, ఒక గుడ్డు. నెల తిరక్కుండానే “ఇవాళ పదమూడు మందే వచ్చారండి, రెండు కంచాలు మిగిల్నాయి” అని నాకే చెప్పింది. వాళ్లమ్మే ఇప్పుడు మిగతా తల్లులకి చెప్తుంది, నేను చెప్పక్కర్లేదు.

పైనుంచి ఎవరైనా అడిగితే చెప్పడానికి కూడా మీకు ఆధారం ఉంది. 2020 జాతీయ విద్యావిధానం 3 నుంచి 8 ఏళ్ల వరకు ఒకే పునాది దశగా పెట్టింది. దాని ప్రకారం 2022లో వచ్చిన పాఠ్యప్రణాళిక చట్రం ఆ దశకి ఆటనే ప్రధాన పద్ధతిగా చెప్పింది. ఒకటో తరగతికి ఆరేళ్లు. మన అంగన్‌వాడీలు మొదలైంది 1975 అక్టోబరు 2న. అప్పటి నుంచీ పోషణ, టీకాలతో పాటు పూర్వ ప్రాథమిక విద్య మన పనుల్లో ఒకటి. అన్నం పెట్టి పడుకోబెట్టే చోటని ఎవరైనా అంటే మీరు తలదించుకోవలసిన పని లేదు.

భాష గురించి ఒక్క మాట. మా పిల్లలు “వత్తన్నానండి”, “సూడండి” అంటారు. మీ ఊళ్లోనూ అంతే. దిద్దకండి. మా దగ్గర చదివిన పిల్ల ఒకర్తి వేరే బడిలో చేరడానికి వెళ్తే, అక్కడి టీచరు ఆ పిల్ల యాసకి నవ్విందట. అప్పటిదాకా వసపిట్టలా మాట్లాడే పిల్ల మూడు నెలలు బడిలో నోరు విప్పలేదు. మీరు మీ మాట మీరు మాట్లాడండి, “వస్తున్నావా, రా” అనండి చాలు. చెవిన పడింది నెమ్మదిగా అదే నోట్లోకి వస్తుంది. ముందు పిల్ల నోరు తెరవాలి.

వేసుకున్న ప్లాన్ వదిలెయ్యవలసిన రోజులూ ఉంటాయి. 2022 జూలైలో వరదొచ్చినప్పుడు భద్రాచలం దగ్గర గోదావరి 71.3 అడుగులకి లేచింది. మా లంకలన్నీ నీళ్లలో ఉన్నాయి. సెంటర్ మళ్లీ తెరిచాక నేను పూల వారం అని అన్నీ సిద్ధం చేసుకుని కూర్చున్నాను. ఒక్కరు కూడా పువ్వు ముట్టలేదు. చెక్కముక్కలన్నీ పోగేసి మేడ కట్టారు, బొమ్మల్ని పైకెక్కించారు, “నీళ్లొత్తన్నాయి, ఎక్కండెక్కండి” అని అరిచారు, ఆవు బొమ్మ కింద ఉండిపోయిందని ఒక పిల్ల నిజంగానే ఏడ్చింది. మళ్లీ మేడ, మళ్లీ నీళ్లు. వారమంతా అదే ఆట. నేను పూలు పక్కన పెట్టేసి ఇంకొన్ని చెక్కలు, ఒక తాడు, రెండు చిప్పల పడవలు తెచ్చి దగ్గర పెట్టాను. ఐదో రోజుకి ఆవు కూడా పడవెక్కింది. ఆ పై వారం వాళ్లే పూల దగ్గరకొచ్చారు. పెద్దవాళ్లం మనం నలుగురితో చెప్పుకుని తేలికపడతాం. ఆ వయసు పిల్లలకి మాటలు చాలవు, ఆడుకుని తేలికపడతారు. ఊళ్లో చావు జరిగినా, ఇంట్లో పెద్ద గొడవైనా ఇదే చూస్తారు మీరు. భయపడకండి, ఆపకండి. దగ్గర కూర్చోండి.

జాగ్రత్తలు కొన్ని తప్పకుండా చెప్పాలి, ఎందుకంటే ఇవి తెలుసుకోవడానికి నేను భయంతో మూల్యం చెల్లించాను. లెక్కకి సెనగలు ఇచ్చిన రోజున మూడేళ్ల పిల్లాడు ఒకటి ముక్కులో పెట్టుకున్నాడు. సెనగ తడికి ఉబ్బుతుంది. నేను తీద్దామని చూస్తే ఇంకా లోపలికి పోయింది. ఆటో కట్టించుకుని డాక్టరు దగ్గరకి పరుగెత్తాం, తీశారు, గండం గడిచింది. మీరు ఎప్పుడూ వేలితో తీయబోకండి, నేరుగా డాక్టరు దగ్గరకే. ఆనాటి నుంచి మా లెక్క ఇది: నాలుగేళ్లలోపు పిల్ల పిడికిట్లో పూర్తిగా దాగిపోయే వస్తువేదీ ఆ పిల్లకి ఇవ్వం. చింతపిక్కలు, గురిగింజలు, గోళీలు అన్నీ బంద్. గురిగింజైతే విషం కూడా, పెద్ద పిల్లలకీ వద్దు. వాటి బదులు తాటిటెంకలు, పెద్ద గులకరాళ్లు, చెక్కముక్కలు.

నీళ్ల ఆటలో నాలుగు వేళ్ల లోతే అన్నాను కదా, దానికి కూడా ఒక పెద్దమనిషి కదలకుండా అక్కడే ఉండాలి. ఫోనొస్తే ఎత్తకండి. ఆట కాగానే బేసిన్ బోర్లించెయ్యండి. కాలవగట్టు మీదకి ఇద్దరు పెద్దవాళ్లు లేకుండా పిల్లల్ని తీసుకెళ్లొద్దు. మేము కొబ్బరితాడుకి మూరెడు మూరెడు దూరంలో ముడులు వేసి, పిల్లకో ముడి పట్టిస్తాం. ముందు నేను, వెనక ఆయా. ఎవరి ముడి ఖాళీగా ఉందో వెనక్కి తిరగ్గానే కనబడుతుంది.

మూడేళ్ల వాళ్లూ ఐదేళ్ల వాళ్లూ ఒకే గదిలో ఉన్నారని ఇబ్బంది పడకండి. వస్తువు ఒకటే ఉండనివ్వండి, పని మార్చండి. చిప్పలో చిన్నవాళ్లు నీళ్లు పోసి ఒంపుతారు, పెద్దవాళ్లు రాళ్లు లెక్కపెడతారు. జంట కట్టండి, పెద్దపిల్ల నేర్పుతూ తనూ నేర్చుకుంటుంది.

రికార్డులు, యాప్‌లో ఎంట్రీలు ఎప్పుడు చెయ్యాలంటారా? పిల్లలు పడుకున్నప్పుడు. పొద్దున్న ఆడుకునే అరగంటలో మాత్రం ఫోను పట్టుకోవద్దు. ఎవరు ఎవరితో ఆడుతున్నారు, ఎవరు ఒంటరిగా ఉన్నారు, నిన్న గలగలలాడినవాళ్లు ఇవాళ ఎందుకు డల్‌గా ఉన్నారు, ఇవన్నీ మీకు తెలిసే సమయం అదొక్కటే. పిలిస్తే పలకని పిల్ల, మూడేళ్లు దాటినా రెండు మాటలు కలిపి చెప్పలేని పిల్ల మీ కంట పడితే, “పెద్దయితే వస్తుందిలే” అని ఊరుకోకుండా ఊరి నర్సు ఏఎన్‌ఎమ్‌కి చెప్పి చెవులు పరీక్ష చేయించండి. అలా మా దగ్గర ఒక పిల్లాడికి వినికిడి సరిగా లేదని తెలిసింది. అప్పటిదాకా ఇంట్లో అందరూ వాణ్ణి మొండివాడని కొట్టేవారు.

చివరగా మీ గొంతు. 18 మంది మీద అరిస్తే ఏ గొంతూ నిలవదు. రెండు కొబ్బరి చిప్పలు తీసుకోండి. టక్ టక్ టక్ అని మూడుసార్లు కొడితే ఎక్కడివాళ్లు అక్కడ వదిలేసి చాప మీదకి రావాలి. మొదటి వారం దాన్నే ఆటలా ఆడించండి, రోజుకి నాలుగైదుసార్లు. చిప్పలు కొట్టే పని రోజుకో పిల్లకి ఇవ్వండి, ఆ పిల్ల కోసమైనా మిగతావాళ్లు వస్తారు. చిప్పలు కొట్టాక మీరు గట్టిగా మాట్లాడకండి, మామూలు కంటే చిన్నగా మాట్లాడండి, వినడానికి దగ్గరకి జరుగుతారు. సీసాలో నీళ్లు పక్కనే పెట్టుకుని గుక్కెడు గుక్కెడు తాగుతూ ఉండండి. బొంగురు మూడు వారాలైనా తగ్గకపోతే చెవి ముక్కు గొంతు డాక్టరుకి ఒకసారి చూపించుకోండమ్మా. నేను ఆలస్యం చేసి చాలా రోజులు ఇబ్బంది పడ్డాను.